మఖమలు గుడ్డ మీద ల్యాప్‌టాప్

దస్తగిరికి పొద్దున్నుంచి కుదురు లేదు. లేస్తాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు.

గుట్ట మీది దర్గాలో హుసేనయ్య తాత దగ్గర ఇద్దరు శిష్యులు. తాతకు గురువైనాయన పాడిన తత్వాలు పాత క్యాసెట్లలో ఉండిపోయాయి. దర్గా ఉరుసు పండగ వచ్చేలోపల వాటిలోని గరగర తీసి, చెవికి వినబడేటట్టు చేయాలి. ఆ పనికి పీరమ్మకు బల్ల మీది పెద్ద కంప్యూటర్ ఇచ్చాడు తాత, దస్తగిరికి ల్యాప్‌టాప్ ఇచ్చాడు.

రెండింటి లోపలా ఉన్న ప్రాసెసర్‌కు ఒకటే పేరు, ఒకటే అంకె. అయినా ఎంత వింతో చూడండి! ఒకే పాట రెండింటిలో పెడితే పీరమ్మది గబగబా ముగించేది. దస్తగిరిది మొదట బాగానే పరుగెత్తి, కాసేపటికి ఆయాసపడి, కుంటేది.

"మెత్తగా పరుపేసి పడుకోబెట్టినావు, నిద్రపోక ఏం జేస్తాది అబ్బీ!" అని పీరమ్మ నవ్వింది.

అది పరుపు కాదు. గురువు గొంతు దాచుకున్న యంత్రాన్ని ఉత్త బల్ల మీద పెట్టడానికి మనసొప్పక, ఖురాను కింద పరిచినట్టే, మఖమలు గుడ్డను నాలుగు మడతలేసి పరిచాడు దస్తగిరి.

ఆ నవ్వుకు అతనికి ఒళ్లు మండింది. బట్టలు సంచిలో కుక్కి, భుజాన వేసుకుని తాత ముందుకొచ్చాడు.

"నేను పోతాండా తాతా. ఆమెకు మంచిది, నాకు మొద్దుది. నేనంటే నీకు అంత చులకన."

"పోదువులే. ముందు ఆ మొద్దుదాన్ని చూపించు."

తాత దాని పక్కన చతికిలబడ్డాడు. లోపల చిన్న ఫ్యాను ఆగకుండా హోరుమంటోంది. అడుగున చెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నాడు.

"అమ్మో, పెనం మాదిరి ఉందే! ఇదెందుకప్పా నెమ్మదించింది?"

"వేడెక్కింది గదా. పెద్దదాంట్లో జాగా ఉంది, గాలాడుతుంది. ఇది ఇరుకు." దస్తగిరి విసుగ్గానే చెప్పాడు. "వేడి ఎక్కువైతే తనంతట తానే తగ్గుతుంది. లేకుంటే లోపల కాలిపోదూ?"

"ఎవురూ చెప్పకుండానే?"

"ఎవురు చెప్తారు తాతా? దాని గుణమే అంత."

"అబ్బ!" అన్నాడు తాత, పసిబిడ్డ మాదిరి కళ్లు పెద్దవి చేసి.

అడుగున గాలి పోయే సందులను మూసేసిన మఖమలు గుడ్డను మెల్లగా లాగేశాడు. పక్కనున్న ఊదుబత్తి డబ్బాలు రెండు తీసి, ల్యాప్‌టాప్ అడుగున చెరో వైపు ఆనించాడు. కాసేపటికి హోరు తగ్గింది. పెద్దదాని వేగం రాలేదు గాని, పాట కదిలింది.

తాత ఆ వెచ్చటి చేతినే దస్తగిరి నెత్తిన పెట్టాడు. పెట్టి, తీయకుండా ఉంచాడు.

"వేడెక్కితే తనంతట తానే తగ్గేదాన్నేనా అప్పా, నువ్వు మొద్దుది అన్నది?"

దస్తగిరి భుజం మీది సంచి జారి కింద పడింది. అతను దాన్ని తీసుకోలేదు.