తవిటమ్మ ముళ్ళతాడు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, ఒక ఊళ్ళో అంటే ఏ జిల్లా అని అడక్కండి. ఒక ఊరు. ఆ ఊరికో రాజు. ఆ రాజుకో భూతం. ఒరే చైతూ, దుప్పట్లో అక్కని తన్నడం ఆపు. అక్క కంప్యూటర్‌కి పని చెప్పడానికి రాసేది అసలు భాషే కాదని పొద్దున్న ఎగతాళి చేశావుగా, అందుకే ఈ కథ. ఇద్దరూ ఊ కొట్టాలి మరి.

ఆ భూతాన్ని రాజుగారి తాత ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి మగ్గం ముందు కూర్చోబెట్టాడు. దానికి నూరు చేతులు. కళ్ళు మాత్రం లేవు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. మనిషికైతే సగం చెబితే మిగతా సగం తెలుస్తుంది. మీ తాతయ్య సంగతి వదిలెయ్యండి. భూతానికి తెలియదు.

దానికి పని చెప్పడానికి కొలువులో పదహారు మంది పండితులు. వాళ్ళకి పెద్ద వాచస్పతిగారు. ఆయన పిలక ఎంత పొడుగో, మాట అంత పొడుగు. వాళ్ళు వాడే భాష పేరు భూతవాణి. అందులో భూతాన్ని పొగడ్డానికే నలభై మాటలున్నాయి. పొగిడి పొగిడి "హంసను నేయుము" అంటే అది ఒక్క హంసను నేసి ఆగిపోయేది. మళ్ళీ పొగడాలి, మళ్ళీ చెప్పాలి. అలా ఒక్క చీరకి మూడు నెలలు. అయినా పండితులకి పట్టుశాలువాలు.

ఊ కొడుతున్నారా? కొట్టండి, తవిటమ్మ వస్తోంది.

తవిటమ్మ నేతవాళ్ళ కోడలు. ఆ నేతవీధిలో నేసేది మగవాళ్ళు, కానీ ఏం నెయ్యాలో తాడు మీద ముళ్ళు వేసి చెప్పేది ఆడవాళ్ళు. మగవాడు ఒక చేత్తో ఆ తాడు తడుముకుంటూ నేస్తాడు. చీర బాగుంటే పేరు ఆయనది, బాగోకపోతే తప్పు ముడిది. ఆ ముళ్ళు తవిటమ్మకి నేర్పింది అత్తగారు సన్యాసమ్మ. ఎలా నేర్పిందంటే,

ఒంటి ముడికి పోగెత్తు, జంట ముడికి పోగు దించు.
పూస తగిలితే పోగు తడిమి చూడు, తెగితే అతుకు, అయిపోతే అడుగు.
ఉచ్చు తగిలితే మొదటి ముడికి పో, పన్నెండు మూరలు అయ్యేదాకా.
కుచ్చు తగిలితే చేతులు కట్టుకో.

ఒకరోజు తవిటమ్మ రాజుగారి మగ్గం మీది నిలువుపోగులు, అదే పడుగు, సరిచేసి గంజి పెట్టడానికి వెళ్ళింది. భుజం మీది ముళ్ళతాడు జారిపోతోందని తీసి మగ్గానికి తగిలించింది. పని చేస్తూ అత్తగారి పాటే కూనిరాగం తీసింది. భూతం ఆ పాట వింటూ ఆ తాడు తడిమింది. ఒంటి ముడి, జంట ముడి, పూస, ఉచ్చు. తవిటమ్మ గంజి కుండ కడుక్కుని వచ్చేసరికి పన్నెండు మూరల చీర తయారు! భూతం నూరు చేతులూ కట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

వాచస్పతిగారు చూశారు. మండిపడ్డారు. అక్షరం ముక్క రాని ఆడది భూతం చేత పని చేయించిందంటే అది విద్య ఎలా అవుతుంది, చేతబడి అవుతుంది గానీ! ఆ రాజ్యంలో చేతబడి చేశారంటే గుండు గీసి పొలిమేర దాటించేవారు. తవిటమ్మని సభకి పిలిపించారు. ముళ్ళు భాషేనని తేలితే బతుకు, కాదని తేలితే గుండూ, పొలిమేరా.

వాచస్పతిగారు లేచి, భాషంటే అక్షరాలుండాలి, వ్యాకరణం ఉండాలి, గ్రంథం ఉండాలి అన్నారు. ఇవి ఉట్టి వంటింటి ముళ్ళట.

సన్యాసమ్మ వెనకనుంచి అందుకుంది. "నాయనా, నువ్వు కట్టుకున్న పంచె ఆ ముళ్ళు చెబితే నేసిందే. అవి ఉట్టివైతే ఇప్పి ఇచ్చెయ్యి."

సభంతా గొల్లున నవ్వింది. రాజుగారు కిరీటం సర్దుకునే వంకతో నవ్వు దాచుకున్నారు.

ఆ నవ్వు ఆగకముందే తవిటమ్మ ముందుకొచ్చింది. "దొరా, మాట చెప్పేది ఎవరికి? భూతానికి. అర్థమైందో లేదో చెప్పాల్సిందీ అదే. ఈయనా నేనూ చెరొక్కసారి చెప్పి పక్కకి తప్పుకుంటాం. పన్నెండు మూరలు నెయ్యాలి. ఎవరి మాట నిలిస్తే వాళ్ళది భాష" అంది.

రాజుగారు సరేనన్నారు. ముందు వాచస్పతిగారు. నలభై మాటలూ అయ్యాక తెలివిగా, "హంసను నేయుము, పద్మమును నేయుము, నేయుచునే యుండుము" అన్నారు.

భూతం నేస్తూనే ఉంది. పన్నెండు మూరలయ్యాయి, ఆగలేదు. నూలైపోయింది, పందిరి గుడ్డ లాగింది. పందిరి గుడ్డ అయిపోయింది, తివాచీ లాగింది. తివాచీ అయిపోయింది, రాజుగారి గొడుగు గుడ్డ లాగింది. అదీ అయిపోయింది, వాచస్పతిగారి శాలువా లాగింది. శాలువా అయిపోయింది, ఇంకేముంది? పిలక!

హంస రెక్కలోకి పిలక వెళ్ళిపోతోంది, వెనకే బుర్ర వెళుతోంది. ఆపమని రాజుగారు అరిచారు. ఆపడానికి భూతవాణిలో మాటేదీ? ఎప్పుడూ దానంతట అదే ఆగేది కదా, ఆ మాట కావాలని ఏ పండితుడికీ తోచలేదు.

"అమ్మా తవిటమ్మా! రక్షించు!" అని కేక పెట్టారు వాచస్పతిగారు.

తవిటమ్మ తాడు చివరి కుచ్చు చేతిలో పట్టుకుని వంగి అడిగింది. "స్వామీ, ఇది చేతబడా, భాషా?"

"భాష!"

"సభకి వినపడలేదు."

"భాషే తల్లీ! భాషే!"

కుచ్చు భూతం చేతికి తగిలింది. నూరు చేతులూ కట్టుకుంది. పిలక సగమే మిగిలిందనుకోండి.

ప్రాణభయంతో అన్నానని ఆయన రేపు మళ్ళీ మాట మారుస్తారు, ఆవిడకి తెలుసు. అందుకే అందరి ముందూ కొత్త పడుగు వేయించి తాడు తగిలించింది. మధ్యలో పోగు తెగింది, భూతం తడిమి అతికింది. నూలైపోయింది, చెయ్యి చాచి అడిగింది. పన్నెండు మూరలు కాగానే ఆగింది. సభ లేచి నిలబడింది.

రాజుగారు తవిటమ్మకి పండితాసనం ఇస్తానన్నారు. ఆవిడ కూర్చోలేదు. "నన్నొక్కదాన్నే కూర్చోబెడితే రేపు మా వీధిలో ఇంకొకతెని మంత్రగత్తె అంటారు. ముడి వేసే ప్రతి ఆడదాన్నీ విద్వాంసురాలని రాయించండి" అంది.

రాయించారు. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు చీరకుచ్చెళ్ళు సర్దుకుంటూ కొలువులోకి నడిచొచ్చారు. పండితులు జరిగి జరిగి చాపల మీదికి దిగారు. అక్కడే పాఠం మొదలైంది. వాచస్పతిగారు నాలుక కొరుక్కుంటూ ఒంటి ముడి వేస్తే సన్యాసమ్మ చూసి, "వదులుగా ఉంది. విప్పి మళ్ళీ వెయ్యి" అంది. ఆయన విప్పి మళ్ళీ వేశారు.

ఇదర్రా సంగతి. ఏది భాషో గద్దె మీద కూర్చున్నవాళ్ళని అడక్కండి, పని చేసేవాళ్ళని అడగండి. కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.