కరకట్ట దాకా వచ్చిన ఆవులింత

ఒక రాజు నిండు కొలువులో ఆవులించాడు.

అందులో వింత ఏమీ లేదు. గుత్తివంకాయ కూరతోనూ మీగడ పెరుగుతోనూ భోజనం ముగించి వచ్చిన మధ్యాహ్నం అది. ఎదుట ఎవరో ఉప్పు సుంకం గురించి సుదీర్ఘంగా చదువుతున్నారు. ఎవరికైనా ఆవులింత వచ్చే వేళే.

ఆ రాజ్యంలో ఆవులింత వస్తే నోటి ముందు చిటికె వేయడం ఆచారం. తెరిచిన నోటిలోంచి ప్రాణం జారిపోకుండా చిటికె కాపలా కాస్తుందని పెద్దలు చెప్పేవారు. సామాన్యులు ఎవరి చిటికె వారే వేసుకునేవారు. రాజుకు మాత్రం అందుకోసం ఒక ఉద్యోగి ఉండేవాడు. అతన్ని చిటికెలవాడు అనేవారు. తాతల నాటి నుంచి వస్తున్న కొలువు కనుక అతడు తన కుడిచేతిని దేవుడి సొత్తులా చూసుకునేవాడు. ఆ చేత్తో అన్నం కూడా కలుపుకునేవాడు కాదు, భార్య తినిపించేది.

చిటికెలవాడు చిటికె వేస్తూ తానూ ఆవులించాడు. అతన్ని చూసి కోశాధికారి, కోశాధికారిని చూసి పురోహితుడు నోళ్లు తెరిచారు. గోడవారగా నిలబడిన వింజామరల స్త్రీలకు కూడా ఆవులింత వచ్చింది. సేనాపతి ఒక్కడే ఆవులించలేదు. అతని నోటి నిండా తాంబూలం ఉంది.

"మా ఆవులింత సేనాపతిగారి దాకా రాలేదేమి?" అని రాజు అడిగాడు.

సేనాపతి నోరు మెదపలేక చేయి ఊపాడు. ఆ ఊపు కొంచెం నిర్లక్ష్యంగా కనిపించింది.

రాజవైద్యుణ్ణి పిలిచారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "ప్రభూ, ఆవులింత అంటుకునే మాట నిజమే. అయితే అది గాలితో రాదు, నీటితో రాదు. ఆపేక్ష ఉన్న చోటికి త్వరగా వెళ్తుంది. తల్లి ఆవులిస్తే ఎదిగిన కొడుక్కి వస్తుంది. దారిన పోయేవాడు ఆవులిస్తే రాకపోవచ్చు. మా ఇంట్లోనే చూస్తున్నాను. నా భార్య ఆవులిస్తే నాకు వస్తుంది. నేను ఆవులిస్తే ఆవిడకు రాదు" అన్నాడు.

కొలువంతా నవ్వింది. మంత్రి మాత్రం నవ్వలేదు. వైద్యుడి మాటలో ఆయనకు ఒక కొలబద్ద దొరికింది.

"అంటే ప్రభువు ఆవులిస్తే రానివాడికి ప్రభువు మీద ఆపేక్ష లేదన్నమాట" అన్నాడు.

"అలా తిరగేసి చెప్పడానికి వీల్లేదండీ..." అని వైద్యుడు మొదలుపెట్టాడు. అంతలో రాజు మళ్లీ ఆవులించాడు. వైద్యుడి నోరు కూడా తెరుచుకుంది. చెప్పబోయిన మాట లోపలే ఉండిపోయింది.

సేనాపతిని సరిహద్దు అడవికి, కోతుల నుంచి మామిడితోటలను కాపాడే పనికి పంపించారు.

ఆ తరువాత రాజు ఆవులించినప్పుడు ఆవులించనివాడు కొలువులో కనిపించలేదు. మొదట్లో చాలామంది ప్రయత్నం మీద ఆవులించేవారు. అద్దం ముందు అభ్యాసం చేసి వచ్చేవారు. కొద్దికాలానికి ప్రయత్నం అవసరం లేకపోయింది. నటించిన ఆవులింత నిజం ఆవులింతను పిలుచుకొచ్చింది. ఉద్యోగులు దాన్ని ఇళ్లకు తీసుకెళ్లారు. ఇళ్ల నుంచి అది అంగళ్లకు పోయింది. కుమ్మరి సారె మీద కుండ సగంలో నిలిచింది, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, న్యాయాధికారి తీర్పు చెబుతూ ఎవరు వాదో ఎవరు ప్రతివాదో మరిచిపోయాడు. దీనిని ఎవరూ జబ్బు అనలేదు. రాజ్యంలో ఇంత శాంతి ఏనాడూ లేదని పురోహితుడు అన్నాడు.

అటువంటి రోజుల్లో ఒక స్త్రీ చంకలో చంటిబిడ్డతో కోట గుమ్మం ముందుకు వచ్చింది. ఆమెది ఏటి కరకట్ట కింది పల్లె. కట్టకు బీట పడింది. పైన కొండల్లో వానలు మొదలయ్యాయి. మట్టి ఒక్కటే వేస్తే నిలవడం లేదు. వెదుళ్లు పాతి, తడికెలు కట్టి, ఆపైన మట్టి వేయాలి. వెదుళ్లు కట్ట పక్కనే ఉన్నాయి. కాని అది రాజుగారి వెదురువనం. ముద్ర లేకుండా అందులో ఒక్క బొంగు నరికినా చేయి తీసేస్తారు. ఆ ముద్ర కోసం పల్లె ఆమెను పంపింది.

"ఎక్కడికమ్మా ఆ వడి? లోపల అందరూ ఉన్నారు. ఎవరూ పారిపోరు" అన్నాడు గుమ్మం దగ్గరి భటుడు.

"మా ఏరు ఆగేలా లేదు నాయనా."

"సరే గాని, నీకు ఆవులింత వచ్చా?"

"ఏమిటి?"

"వచ్చా అని అడుగుతున్నాను. రాకపోతే లోపల కష్టం" అని అతడు ఆవులించి, చిటికె వేసుకుని, తలుపు తీశాడు.

ఆమె కొలువులో నిలబడి, "ప్రభూ, మా కట్టకు బీట పడింది" అంది. రాజు ఆవులించాడు. చిటికె మోగింది. కొలువు మొత్తం ఆవులించింది. ఆమె ఊరికే చూస్తూ నిలబడింది.

"నీకెందుకు రాలేదు?" అని మంత్రి అడిగాడు.

"కట్టకు బీట పడ్డప్పటి నుంచి మా పల్లెలో ఎవరికీ రావడం లేదు బాబూ. కళ్లు మూస్తే నీళ్ల చప్పుడు వినిపిస్తోంది."

"ఆ బిడ్డకు కూడా రాలేదు."

"పళ్లు కూడా రాని పసివాడండీ. ఈ వయసులో ఇంకొకరి ఆవులింత అంటుకోదు" అన్నాడు వైద్యుడు.

"పళ్ల కన్నా ముందు రాజభక్తి రావాలి" అన్నాడు మంత్రి. తరువాత ఆమె వైపు తిరిగి, మెత్తగానే చెప్పాడు. "చూడమ్మా, ప్రభువు మీద ఆపేక్ష లేనివారి విన్నపం ఇక్కడ వినరు. ఉన్నదని చూపించు, వింటారు."

ఆమె పల్లెను తలచుకుంది. తట్టలు మోస్తున్న చేతులను తలచుకుంది. నోరు తెరవడం కష్టమైన పని కాదు కదా అనుకుంది. తెరిచింది.

కొలువు సంతోషించింది. రాజు కనుసైగ చేశాడు. చిటికెలవాడు స్వయంగా వచ్చి ఆమె నోటి ముందు చిటికె వేశాడు. అంతటి గౌరవం ఆ పల్లెలో ఎవరికీ దక్కలేదు.

"ఇక చెప్పు" అన్నాడు రాజు.

"ప్రభూ, మా కట్టకు..." అంది ఆమె. ఈసారి వచ్చింది నిజం ఆవులింత. ఇన్నాళ్లూ నిద్ర ఎరుగని ఒళ్లు అది. తలుపు తెరిచిన వెంటనే నిద్ర లోపలికి వచ్చేసింది. విన్నపం నడుమ ఆవులింత అపశకునం కనుక మొదటి నుంచి చెప్పుకోవాలని పాత నియమం ఒకటి ఉంది. ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ ఆవులించింది. మళ్లీ మొదలుపెట్టింది. చివరికి కట్ట, బీట, వెదుళ్లు అనే మాటలు ఎలాగో ఒకదాని పక్కకు ఒకటి చేరాయి.

"పాపం, తప్పకుండా ఇద్దాం. ముద్ర రేపు వేయిద్దాం" అన్నాడు రాజు.

రేపు అనే మాట ఆమె చెవికి మొదటిసారి కమ్మగా వినిపించింది. ఆమెకు ఒక చీర పెట్టి పంపించారు.

దారి పొడవునా ఆమె కాళ్లు తేలికగా నడిచాయి. ఏటి గాలి తగిలే దాకా ఆమెకు ఏ దిగులూ గుర్తు రాలేదు.

కట్ట మీద పల్లె అంతా ఉంది. బురద తట్టలు చేతి నుంచి చేతికి వెళ్తున్నాయి. నీరు బీట అంచు దాకా వచ్చింది. ఆమె అత్త తట్ట దించకుండానే అడిగింది.

"ఏమన్నాడే రాజు? కొత్త చీర కట్టావు, పని అయినట్టేనా?"

"చీరకేం వదినా, చీరతో బీట పూడ్చలేం గదా. వెదుళ్ల మాట చెప్పమను" అంది పక్కనున్న ఆమె.

"అక్కా, కత్తులు నూరి పెట్టాం. నువ్వు ఊ అంటే నరుకుతాం" అన్నారు వెదురువనం అంచున నిలబడిన మగవాళ్లు.

ఆమె బీటను చూసింది. చూడగానే మత్తు సగం దిగింది. రాజు ముద్ర రాదని ఆమెకు తెలిసింది. నరకండి, ఎవరినీ అడగకండి, నరికించింది నేనేనని చెబుతాను, పోతే నా చెయ్యే పోతుంది అని చెప్పాలనుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది.

ఆవులింత వచ్చింది.

కొలువులో ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ ఆమె ఒకరికి కోడలు, ఒకరికి అక్క, ఒకరి పిల్లకు పాలిచ్చిన తల్లి. ఆమె ఏడిస్తే ఏడ్చేవారూ నవ్వితే నవ్వేవారూ అందరూ ఆ కట్ట మీదే ఉన్నారు. వైద్యుడు చెప్పినది ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నగరంలో అన్నాళ్లు పట్టినది కట్ట మీద రెప్పపాటులో జరిగింది. అత్త నోరు తెరిచింది. ఆమె చేతిలోని తట్ట కిందికి దిగింది. తట్టల వరుస నడుమ ఒక చేయి నోటి దగ్గరికి వెళ్లింది, దాని పక్కన ఇంకొకటి. వెదుళ్ల దగ్గర మగవాళ్లు కత్తులను ఆనించి, ఒళ్లు విరుచుకుని, ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకున్నారు. కట్ట పొడవునా చిటికెలు వినిపించాయి.

ఆవులించనిది చంకలోని బిడ్డ ఒక్కడే. వాడు నీటి వైపు చేయి చాచి కేక పెట్టాడు. నిద్ర వస్తోందేమో అనుకుని ఆమె వాణ్ణి జోకొట్టింది.

అప్పుడు కట్ట నోరు తెరిచింది.

మెల్లగా, హాయిగా, చాలాకాలం ఆపుకున్నట్టుగా తెరిచింది. గట్టున కూర్చున్న ఒక ముసలివాడు కళ్లు సగం మూసుకునే, ఆచారం తప్పకుండా, ఆ నోటి ముందు చిటికె వేశాడు.