ఎవరిదీ కాని దండు

సారంగదుర్గం పాలెగాడు వీరప్ప నాయుడికి ఎదురుచెప్పిన పాపానికి, నలభైమంది ఈటెలవాళ్ళు సాలెపేటను తగలబెట్టారు. ఆ మంటల్లో చాకలి గురవమ్మ మొగుడు కూడా పోయాడు. రాజుగారు విచారణకు ఒక అధికారిని, వెంట సైనికులను పంపించారు.

"జీతాల పట్టీలో పేరుంటే నా సైన్యం. వీళ్ళు తమంతట తామే ఈటెలు పట్టిన ఊరి దండు. ఊరి దండు చేసిన తప్పు ఎవరిదీ కాదు," అన్నాడు నాయుడు తాపీగా. ఆ నలభైమందీ అతని వెనకాలే నిలబడి ఉన్నారు.

గురవమ్మ మూట దించి విప్పింది. పైనంతా మసి పట్టిన తలపాగాలే.

"అయ్యా, ఇవి వాళ్ళు ఉతకడానికి వేసినవి. ఏ ఇంటి బట్టకి ఆ ఇంటి గుర్తు, ఉతికినా పోని జీడిరసంతో నేనే పెడతాను. వీటన్నిటికీ కోట గుర్తే ఉంది. వీళ్ళు దొర మనుషులు కాకపోతే, కోటలో దొంగిలించినట్టే కదా! దొంగలేనని దొరగారిని ఒక్కమాట అనమనండి, వీళ్ళను ఉరి తీయించండి."

నాయుడు వెనక్కి చూశాడు. నలభై ఈటెలూ అతని వైపే తిరిగి ఉన్నాయి.

"నేనే... ఇచ్చాను," అన్నాడు.

అధికారి సంకెళ్ళు తెమ్మన్నాడు.

మూట కట్టబోతే అడుగున గుర్తు లేని పంచె ఒకటి కనిపించింది. పేట తగలబడిన రోజు చాకిరేవులో ఆరేసి ఉండబట్టి మిగిలింది. సొంతింటి బట్టకి గుర్తెందుకని గురవమ్మ ఎన్నడూ పెట్టలేదు. ఇప్పుడు దాన్ని ఎవరికివ్వాలో ఆమెకు తెలియలేదు.