హద్దురాయి దగ్గర కుక్క కాలెందుకు ఎత్తుతుంది

ఒకప్పుడు కుక్కలకి హద్దు అంటే ఏమిటో తెలియదు. మనుషులు పొలాలు పంచుకుని, గట్లు వేసుకుని, రాళ్లు పాతుకున్నారు గానీ ఆ సంగతి కుక్కలకి ఎవరూ చెప్పలేదు. గాలి ఎటు వీస్తే అవి అటు పోయేవి. ఎవరి చేను చల్లగా ఉంటే ఆ చేలో పడుకునేవి.

ఆ రోజుల్లో గవరమ్మ అనే రైతమ్మ ఒక కుక్కని పెంచుకుంది. పేరు బుడ్డోడు. పేరుకే బుడ్డోడు, ఒళ్లు మాత్రం దూడంత ఉండేది. ఇంట్లో ఆమె, ముసలి మామగారు, బుడ్డోడు, అంతే. పొద్దున్నే వాడొచ్చి తోకాడిస్తే తప్ప గవరమ్మకి తెల్లారినట్టే ఉండేది కాదు.

పక్క చేను పోలినాయుడిది. ఆయన కొత్తిమీర మడులు వేసి, పసిపిల్లని సాకినట్టు సాకేవాడు. బుడ్డోడికి ఆ మడులంటే మహా ఇష్టం. తినడానికి కాదు, పడుకోవడానికి. మధ్యాహ్నం పూట మెత్తటి కొత్తిమీర మీద వెల్లకిలా దొర్లి, నాలుగు కాళ్లూ ఆకాశానికి పెట్టి గుర్రుకొట్టేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, తాను ఎక్కడికీ పోలేదనీ, గడ్డివాము నీడలోనే ఉన్నాననీ చెప్పేవాడు. వాడు అబద్ధమాడినంతసేపూ ఇల్లంతా చారు కాచినట్టు ఘుమఘుమలాడేది.

ఇలా కాదని గవరమ్మ వాణ్ని తాడుతో మంచంకోడుకి కట్టేసింది. ఆ మంచం మీద మామగారు కునుకు తీస్తున్న సంగతి ఆలోచించలేదు. కాసేపటికి బుడ్డోడికి కొత్తిమీర గుర్తొచ్చింది. మంచాన్నీ మామగారినీ కలిపి లాక్కుపోయాడు. ముసలాయన కళ్లు తెరిచి చుట్టూ చూసి, ఇంట్లో కొత్తిమీర ఎవరు చల్లారని పోలినాయుణ్నే అడిగాడు.

తర్వాత వాడి మెడకి గుదికర్ర కట్టింది. ఆ కర్ర ఈడ్చుకుంటూ తిరిగితే, మడులన్నీ నాగలి పెట్టి దున్నినట్టయ్యాయి.

ఆ రోజు పోలినాయుడు గవరమ్మ ఇంటికొచ్చాడు. కేకలెయ్యలేదు. నలిగిన కొత్తిమీర గుప్పెడు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"వదినా, నా పిల్లల కూడు ఈ మడుల్లోనే ఉంది. సంత రోజున గొర్రెలకాపరులు కొండ అవతలికి పోతున్నారు. వీణ్ని వాళ్లతో పంపెయ్. నీతో తగువు పెట్టుకోవడం నాకిష్టం లేదు."

ఆయన మాటలో తప్పేముంది? ఆయన వెళ్లాక గవరమ్మ బుడ్డోణ్ని గట్టు మీదికి తీసుకెళ్లి, హద్దురాయి చూపించి, ఇది దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా అని కళ్లొత్తుకుంది.

బుడ్డోడు రాయిని చూశాడు, ఆమెని చూశాడు. "అమ్మా, ఇటూ మట్టి వాసనే, అటూ మట్టి వాసనే. మధ్యలో ఈ రాయీ మట్టి వాసనే. నేనెక్కడ ఆగాలి?"

గవరమ్మకి అప్పుడు తట్టింది. హద్దు కంటికి గీసింది. వీడేమో లోకాన్ని ముక్కుతో చూస్తాడు.

చెవికైనా ఎక్కుతుందేమోనని చివరికి ఆమె హద్దురాయినే బతిమాలుకుంది. వీడు నీ దగ్గరికి రాగానే 'ఆగు' అని ఒక్క మాట అనమంది. రాయి సరేనంది. కానీ రాళ్లకి తొందర ఉండదు కదా. మర్నాడు బుడ్డోడు దాటుతుంటే "ఆ..." అని మొదలుపెట్టింది. వాడు అవతలికి పోయాడు, దొర్లాడు, నిద్రపోయాడు, లేచాడు, ఒళ్లు విరుచుకుని తిరిగొస్తూ సరిగ్గా రాయి పక్కకి చేరాడు. అప్పుడు రాయి "...గు" అంది, గట్టిగా.

రాయి మాట్లాడటం బుడ్డోడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఉలిక్కిపడ్డాడు. వెనక కాలొకటి గాల్లోకి లేచి అక్కడే బిగుసుకుపోయింది. ఆ భయంలో రాయి మీద ఉచ్చ పోసేసి, ఇంటికి పరుగో పరుగు.

తెల్లవారి మళ్లీ కొత్తిమీర వైపు బయల్దేరాడు. రాయి దగ్గర ముక్కు ఆగిపోయింది. ఎవరో ఇక్కడ ఉన్నారు. బాగా తెలిసినవాడే. ఇటు తిరిగి వాసన చూశాడు, అటు తిరిగి చూశాడు. ఇంకెవరు, తనే. అంటే ఇక్కడి దాకా బుడ్డోడు. అవతల బుడ్డోడు లేడు. ఇన్నాళ్లూ పరాయి చోట పడుకున్నానా అని వాడికి సిగ్గేసింది. అక్కడే కూలబడ్డాడు.

ఆ సంగతి విన్న గవరమ్మ వాడికి కుండెడు మజ్జిగ తాగించి, చేను చుట్టూ తిప్పింది. బుడ్డోడు ఒక్క రాయినీ వదల్లేదు. మొదటిసారి కాలెత్తే కదా పని జరిగింది, పద్ధతి అదేననుకుని ప్రతిసారీ కాలెత్తాడు. రాళ్లు ఏదో అనబోయాయి గానీ, అనేలోపు వాడు వెళ్లిపోయాడు.

సంత రోజు కాపరులు వచ్చి నిలబడ్డారు. గాలి కొత్తిమీర వాసన మోసుకొచ్చింది. బుడ్డోడు చెవులు రిక్కించి ఒక్క ఉరుకు ఉరికాడు. గవరమ్మ చూడలేక మొహానికి చెంగు అడ్డం పెట్టుకుంది. వాడు రాయి దాకా వెళ్లాడు, వాసన చూశాడు, మూలిగాడు, ఇటువైపే కూర్చున్నాడు.

పోలినాయుడు కాసేపు వాణ్నే చూసి, మీరు పదండని కాపరులతో చెప్పాడు. తర్వాత మడిలోంచి ఒక మోపు కొత్తిమీర పీకి, రాయికి ఇటువైపు పరిచాడు. "పడుకోరా" అన్నాడు.

బుడ్డోడి దగ్గర మిగతా కుక్కలన్నీ ఆ విద్య నేర్చుకున్నాయి. అప్పటినుంచే కుక్క రాయి కనబడితే ముందు వాసన చూసి, ఎవరిదో తెలుసుకుని, ఆ తర్వాత కాలెత్తుతుంది. రాయి లేకపోతే స్తంభం, స్తంభం లేకపోతే మీ నాన్న నిన్న కడిగి తుడిచి నిలబెట్టిన స్కూటరు చక్రం.