తెర ముందు మెరుపు

ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో, తన కెమెరాకు చేతకానిదంటూ లేదని విర్రవీగే సుంకమ్మ అనే అమ్మాయి ఉండేది. అది అరచేతిలో ఇమిడే రీలు కెమెరా. జూమ్ నొక్కితే గొట్టం సర్రున బయటికొచ్చి దూరాన్ని దగ్గర చేసేది. చీకటి పడితే ఫ్లాష్ దానంతటదే వెలిగేది. ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది కనుక, ఎవరేం చెప్పినా "నాకు తెలుసులే" అనేది.

ఆ ఊళ్లోనే తోలుబొమ్మలాడించే గోవిందమ్మవ్వ ఉండేది. ఆమె తాత చేసిన రావణుడి బొమ్మను మర్నాడు పట్నం మ్యూజియానికి పంపేస్తున్నారు.

"అమ్మీ, ఈ సాయంత్రమే వాని కడపటి ఆట. దీపం ముందర వాడు వెలిగిపోతాంటే ఒక్క ఫోటో తీసియ్యి. గోడకు పెట్టుకుంటా" అంది అవ్వ.

"ఒకటేందవ్వా, రీలంతా తీస్తా! కూర్చున్న చోటి నుంచి కదలకుండా తీస్తా!"

ఆట మొదలైంది. తెర వెనక దీపం వెలుగులో రావణుడు ఎర్రగా, పచ్చగా మెరుస్తూ ఊగాడు. సుంకమ్మ జూమ్ చేసి మీట నొక్కింది. ఫ్లాష్ భగ్గుమంది. ఆ క్షణం తెర తెల్లగా పాలిపోయింది, రావణుడు మాయమయ్యాడు.

"ఏమే సుంకీ, రామునికంటే ముందు నువ్వే చంపేట్టున్నావే!" అని ఎవరో అరిచారు. జనం గొల్లున నవ్వారు.

"నాకు తెలుసులే" అంటూ ఆమె నొక్కుతూనే పోయింది. చివరికి అవ్వే పాట ఆపింది.

"అమ్మీ, నీ మెరుపుకు జనానికే కనపడని రావణుడు నీ కెమెరాకు ఎట్ల కనపడతాడే?"

సుంకమ్మ చెయ్యి ఆగిపోయింది. రీలులో ఇక ఒక్క ఫోటోకే చోటుంది.

ఎన్నడూ ముట్టని మీట నొక్కి ఫ్లాష్ ఆపేసింది. జూమ్‌లోంచి చూస్తే కంటి పక్కన కెమెరాలోని చిన్న దీపం టపటప కొట్టుకుంది. వెలుతురు చాలదు, బొమ్మ చెదిరిపోతుందని హెచ్చరిక! జూమ్ వెనక్కి తీసుకుంది. లేచి, జనాన్ని దాటుకుని తెర దగ్గరికి నడిచింది. ఒకాయన్ని అడిగి పీట తీసుకుని, దాని మీద కెమెరా ఆనించింది.

"అవ్వా, చీకట్లో కదిలేవాణ్ణి పట్టడం నా కెమెరాకు చేతకాదు. వాణ్ణి ఒక్క గుక్క నిలబెట్టవూ?"

"ఆ మాట ముందే అనుంటే పోయేది కదే!" అని నవ్వింది అవ్వ. మళ్లీ పాట అందుకుంది. ఆటలోని సీతమ్మ మాటకు రావణుడు మాన్పడి నిలబడ్డాడు. అవ్వ చెయ్యి రవ్వంతైనా వణకలేదు. సుంకమ్మ మీట నొక్కింది.

రీలు కడిగిస్తే అన్నీ తెల్లతెరలే. చివరి దాంట్లో మాత్రం రావణుడు పది తలలతో ధగధగలాడుతున్నాడు! అవ్వ ఆ ఫోటో గోడకు పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ "మా సుంకమ్మ తీసింది" అని గొప్పగా చూపించేది. సుంకమ్మ కూడా ఫోటో అడిగినవాళ్లకు తన కెమెరా ఏం చేయలేదో ముందు చెప్పేది. అదీ తలెత్తుకునే చెప్పేది.

నీతి: చేతిలోని పనిముట్టుకు ఏది చేతనవునో తెలియడం సగం విద్యే, ఏది చేతకాదో ఒప్పుకున్నప్పుడే ఆ విద్య పూర్తవుతుంది.