బావ వద్దన్న విందు

ఈ కథ వినేటప్పుడు మంచినీళ్ళు తాగకండి, పొలమారుతుంది. తర్వాత నన్ను అని లాభం లేదు.

అనకాపల్లి అవతల ఒక ఊళ్ళో సన్నిబాబు, నూకరాజు, సూరిబాబు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. బెల్లం వండటం వాళ్ళ పని. తెలివిలో తమని మించినవాళ్ళు ఆ జిల్లాలోనే లేరని వాళ్ళ నమ్మకం. ఊళ్ళో మిగతావాళ్ళకి చెప్పిన మాట ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోతుందట, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తారట. ఒకసారి బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అని రాసి ఉంది. అంతే, ముగ్గురూ చేతులు చొక్కాల్లోకి దూర్చేసుకుని, టికెట్లు పళ్ళతో పట్టుకుని నిలబడ్డారు. మలుపు రాగానే ముగ్గురూ ఒకేసారి వెళ్ళి ఒక పెద్దావిడ ఒళ్ళో పడ్డారు. అయినా చేతులు బయటికి తియ్యలేదు.

"చదువొచ్చినోడికీ రానోడికీ తేడా ఇదేనండి," అన్నాడు సన్నిబాబు ఆవిడ ఒళ్ళోంచే.

వీళ్ళకి ఒక అక్క, పైడమ్మ. ఆవిడ మొగుడు దాలినాయుడు, కాపురం గాజువాకలో. మంచి మనిషే కానీ మొహమాటం జాస్తి. ఎవరింట భోజనానికి కూర్చున్నా మొదటిసారి వద్దంటాడు, అది మర్యాద. రెండోసారి వద్దంటాడు, అది పెద్దరికం. మూడోసారి అడిగితే ఆకు కొంచెం ముందుకి జరిపి "సరే, మీ తృప్తికి" అంటాడు. మన ఇళ్ళల్లో అల్లుళ్ళంతా అంతే కదా, ఆయన ఒక్కడిదేముంది.

పోయినేడు ఆయన వీళ్ళింటికి భోజనానికి వచ్చాడు. మొదటి చేప ముక్క ఆకులో పడగానే అలవాటు కొద్దీ "చాలు" అన్నాడు. ఇంకేముంది, నూకరాజు ఆకు మడిచి అవతల పారేశాడు. సన్నిబాబు చేతులు కడుక్కోమని చెంబు అందించాడు. దాలినాయుడు ఆ చెంబు వంక కాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఏడాదైంది, మళ్ళీ రాలేదు. పైడమ్మనీ పంపలేదు.

ఇప్పుడు సూరిబాబుకి పెళ్ళి కుదిరింది. పది రోజులే ఉంది. ఆడపడుచు లేకుండా పెళ్ళేమిటని ఆడపెళ్ళివారు అడుగుతూనే ఉన్నారు. వాళ్ళు అడక్కపోయినా సూరిబాబుకి అదే దిగులు. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది అక్కే. అక్కా బావా రాకపోతే పీటల మీద కూర్చోనని మొండికేశాడు.

పైడమ్మ మొగుణ్ణి బతిమాలి బతిమాలి ఒక్క పూట భోజనానికి ఒప్పించింది. "సరే, వైజాగులో బొగ్గుల మీద మనమే కాల్చుకు తినే చైనా హోటలు ఉందట, అక్కడికి రమ్మను. మీవాళ్ళ మర్యాదేమిటో అక్కడే చూస్తాను," అన్నాడాయన. అసలు సంగతి ఏమిటంటే, ఆయనకి కోపం ఎప్పుడో పోయింది. నాలుగుసార్లు బతిమాలించుకుని వస్తానందామని ఆయన ఉద్దేశం.

ఆ పూట పొద్దున్నే పైడమ్మ తమ్ముళ్ళకి ఫోను చేసింది.

"ఒరే, బాగా వినండి. పోయినసారి చాలన్నాడని ఆకు తీసీనారు. ఈసారి అలా చెయ్యకండి. మీ బావ వద్దన్నాడంటే కావాలని. ఆ మనిషి లోపలొకటి పెట్టుకుని పైకి ఇంకోటంటాడు. ఏ మాటన్నా తిరగేసుకుని అర్థం చేసుకోండి."

"ఏ మాటన్నా సరేనా?" అన్నాడు సన్నిబాబు.

"ఏ మాటన్నా సరే," అంది పైడమ్మ. పాపం, ఆవిడ మాత్రం ఏం తక్కువ, వాళ్ళకి అక్కే కదా.

హోటలు బీచి రోడ్డులో మేడ మీద ఉంది. ఒక్కో టేబులు మధ్యలో ఒక గుంట, గుంటలో ఎర్రటి బొగ్గులు, పైన పొగ పీల్చుకునే గొట్టం. మసాలా పట్టించిన మాంసం ముక్కలు సన్నటి ఇనప ఊచలకి గుచ్చి తెచ్చి ఇస్తారు. మనమే బొగ్గుల మీద తిప్పుకుంటూ కాల్చుకోవాలి. వడ్డించే అమ్మాయి పేరు ఝాన్సీ. ఓపికైన పిల్ల. ఆ ఓపిక ఆరోజు సాయంత్రానికి సగమైంది.

"సార్, బట్టలకి పొగ వాసన పట్టకుండా ఈ ఏప్రాన్లు కట్టుకోండి," అంది ఝాన్సీ.

బట్టలకి వాసన పట్టకూడదు. అంతే, ముగ్గురూ చొక్కాలు విప్పేసి, మడతపెట్టి, సంచిలో పెట్టి, సంచి మూతి తాడుతో బిగించి, ఒట్టి ఒంటి మీద ఏప్రాన్లు కట్టుకున్నారు.

అప్పుడే దాలినాయుడు వచ్చాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, దువ్విన మీసం. బావమరుదుల వీపులు చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగాడు.

"బావా, ఏప్రాన్ కట్టుకో," అన్నాడు నూకరాజు.

"నాకొద్దు."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇంకేముంది, తలో పక్కా పట్టుకుని గుండీలు విప్పడం మొదలెట్టారు.

"ఏయ్, చొక్కా ముట్టుకోకండి," అన్నాడు దాలినాయుడు.

ముట్టుకోకండి అన్నాడు కాబట్టి రెండో చెయ్యి కూడా లాగేశారు. దాలినాయుడు బనీను మీద ఏప్రానుతో కూర్చున్నాడు. మీసం సర్దుకుని, ఇంత బలవంతం చేస్తున్నారంటే మర్యాద నేర్చుకున్నట్టే ఉన్నారు వెధవలు, అనుకున్నాడు.

ఝాన్సీ మటన్ ఊచలు బొగ్గుల మీద పేర్చింది. "రంగు మారేదాకా ముట్టుకోకండి సార్. మాడిపోకుండా ఒక కన్నేసి ఉంచండి. ఏం కావాలన్నా ఈ బెల్లు నొక్కండి," అని చెప్పి వెళ్ళింది.

ఒక కన్నే. ముగ్గురూ రెండో కన్ను గట్టిగా మూసేశారు. పక్క టేబులు దగ్గర ఒక కుటుంబం కూర్చుని ఉంది. మూడు ఒంటికన్ను మొహాలు తమ వైపే ఉండటం చూసి ఆ ఇంటావిడ కుర్చీ అటు తిప్పేసుకుంది. ఆవిడ మొగుడు లేచి నిలబడ్డాడు. దాలినాయుడు మధ్యలో దూరి "మా వాళ్ళకి చిన్నప్పట్నుంచి అంతేనండి" అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

ముక్కలు కాలాయి. కమ్మటి వాసన లేచింది. సన్నిబాబు ఒక ఊచ తీసి బావ ముందు పట్టుకున్నాడు.

"అబ్బే, నాకొద్దు," అన్నాడు దాలినాయుడు మర్యాదగా.

ఆరు ఊచలు పళ్ళెంలో పడ్డాయి. దాలినాయుడికి నోట్లో నీళ్ళూరాయి, మీసం కింద నవ్వొచ్చింది. ఆరూ తిన్నాడు. "ఇంక వద్దులే" అన్నాడు. ఇంకో ఆరు. అవీ తిన్నాడు. ఏడాదిలో అంత తృప్తిగా ఆయన ఎక్కడా తినలేదు. కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేదో.

"చాలు," అన్నాడు పన్నెండో ఊచ తర్వాత, ఈసారి నిజంగానే. కోడి ముక్కలు పడ్డాయి.

"నిజంగా చాలురా." రొయ్యలు పడ్డాయి.

"మా అమ్మ మీద ఒట్టు, చాలు."

సన్నిబాబు గుండె తరుక్కుపోయింది. "పాపం, ఒట్టు కూడా వేసీనాడంటే ఎంత ఆకలి మీదున్నాడో చూడండి," అని బావ ముందున్న పళ్ళెం తీసేసి, ఊచలు మోసుకొచ్చిన పెద్ద ట్రే పెట్టాడు.

ట్రే పక్కనే ఒక గిన్నెలో ఎర్రటి పొడి ఉంది. కారం, జీలకర్ర కలిపి దంచింది. చిటికెడు చల్లుకుంటే చాలు.

"అది మాత్రం నాకు వెయ్యకండ్రా. కారం నాకు పడదు. తిన్నానంటే చస్తాను," అన్నాడు దాలినాయుడు.

"చస్తానంటన్నాడు," అని గుసగుసలాడాడు నూకరాజు.

"అంటే తింటేనే బతుకుతాడు," అన్నాడు సన్నిబాబు. అంతే, గిన్నె గిన్నెంతా బావ ముక్కల మీద బోర్లించారు. బతకాలి కదా అని సూరిబాబు ఒక ముక్క బావ నోట్లో తనే పెట్టాడు.

దాలినాయుడి చెవులు ముందు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. తర్వాత కళ్ళు ధారలు కట్టాయి.

"నీళ్ళు, నీళ్ళివ్వండి."

ఇవ్వండి అన్నాడంటే ఇవ్వకూడదనే కదా. ఆయన ముందున్న గ్లాసు నూకరాజు తీసేశాడు. పొరపాటున కూడా ఆయనకి అందకుండా, ముగ్గురూ టేబులు మీదున్న నీళ్ళన్నీ తాగేశారు. నూకరాజుకి అసలు దాహం లేదు, అయినా బావ కోసం కష్టపడి రెండు గ్లాసులు తాగాడు.

బావ కళ్ళల్లో నీళ్ళు చూసి సూరిబాబుకి భయమేసింది. ఎక్కడో తప్పు జరిగింది, బావకి కోపం పోవడం లేదు, అక్క రాదు. ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు ఝాన్సీ చెప్పిన మాట గుర్తొచ్చింది. వెంటనే బెల్లు నొక్కాడు.

"ఏం కావాలి సార్?" అంది ఝాన్సీ పరిగెత్తుకొచ్చి.

సూరిబాబు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా బావకి మా మీద కోపం పోవాలండి. మా అక్క నా పెళ్ళికి రావాలి. అంతకు మించి ఇంకేటీ అక్కర్లేదండి."

ఝాన్సీ ఆ ఉద్యోగంలో చేరాక చాలా అడిగారు కానీ ఇది ఎవరూ అడగలేదు. దాలినాయుడి వైపు చూసింది. చూడగానే లోపలికి పరుగెత్తి చల్లటి నీళ్ళ జగ్గు తెచ్చి తిన్నగా ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన జగ్గు ఎత్తి గటగటా ఖాళీ చేశాడు.

ఊపిరి వచ్చాక కూడా దాలినాయుడు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. కొంత కారం వల్లే, కొంత కాదు. బెల్లు నొక్కి కోపం పోవాలని అడిగిన వాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు. వీళ్ళకి బుర్ర లేకపోయినా తన మీద ప్రేమ ఉంది. ఒక్క 'చాలు' కోసం ఏడాదిపాటు అక్కాతమ్ముళ్ళని విడదీసి కూర్చున్నందుకు ఆయనకి సిగ్గేసింది.

"సూరీ, ఇలా రారా," అన్నాడు. "నీ పెళ్ళికి వస్తాను. మీ అక్కని మూడు రోజుల ముందే తీసుకొస్తాను."

నూకరాజు చేతిలో ఊచ కిందపడింది. సన్నిబాబు తల పట్టుకున్నాడు. సూరిబాబు కుర్చీలో కూలబడి బావురుమన్నాడు.

"వస్తానంటుంటే ఏడుస్తావేంట్రా?"

"నీ మనసులో మాట తెలిసిపోనాది బావా," అన్నాడు సూరిబాబు వెక్కుతూ.

"ఒట్టేసి చెబుతున్నాను, వస్తాను."

"అమ్మో, ఒట్టు కూడా వేసీనాడు," అని నూకరాజు కూడా ఏడుపందుకున్నాడు.

"పెళ్ళిబట్టలు నేనే పెడతానురా."

"బట్టలు కూడా పెట్టడంట," అన్నాడు సన్నిబాబు. పెద్దవాడు కాబట్టి అంతవరకూ ఆపుకున్నాడు, ఇంక ఆపుకోలేకపోయాడు. ముగ్గురూ మెడలు కావలించుకుని ఏడుస్తుంటే హోటలంతా తినడం మానేసి చూస్తోంది. సూరిబాబు కళ్ళు తుడుచుకుని ఫోను తీసి కాబోయే మామగారికి చేశాడు.

"మావయ్యగారూ, పెళ్ళి ఆపీండి. మా బావ తప్పకుండా వస్తానన్నాడండి."

అవతల ఆయనకి ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి.

ఇక్కడ దాలినాయుడి ఓపిక అయిపోయింది. చొక్కా విప్పించుకున్నాడు, పొట్ట పగిలేలా తిన్నాడు, కారం మింగాడు, ఆఖరికి మంచి మాట చెబితే చావు కబురు చెప్పినట్టు ఏడుస్తున్నారు. టేబులు మీద ఒక్క చరుపు చరిచి లేచాడు.

"పోండ్రా, నీ పెళ్ళికి నేను రాను. ఈ జన్మలో మీ గుమ్మం తొక్కను. మీ అక్కనీ పంపను."

అంతే, ఏడుపులు టక్కున ఆగిపోయాయి. సూరిబాబు బావ కాళ్ళ మీద పడ్డాడు. సన్నిబాబు, నూకరాజు బావని అమాంతం భుజాల మీదికి ఎత్తేశారు. "దించండ్రా" అన్నాడాయన. ఇంకా పైకెత్తారు. "మెల్లిగా దించండ్రా" అన్నాడు. మెట్ల మీద నుంచి పరుగులు తీశారు. ఝాన్సీ చొక్కాల సంచి పట్టుకుని వెనకాల పరుగెత్తింది కానీ అందుకోలేకపోయింది. బీచి రోడ్డు మీద వాళ్ళలా ఊరేగింపుగా పోతుంటే, పిడత కింద పప్పు తినేవాళ్ళు పొట్లాలు పక్కన పెట్టి చూశారు. అంత ఎత్తున ఏప్రాను కట్టుకున్న మనిషిని వాళ్ళు అదే చూడటం.

సూరిబాబు నడుస్తూనే అక్కకి ఫోను చేశాడు.

"అక్కా, శుభం. బావ పూర్తిగా ఒప్పీసుకున్నాడు. పెళ్ళికి రానన్నాడు, గుమ్మం తొక్కనన్నాడు, నిన్ను కూడా పంపనన్నాడు. నువ్వు చీరలు సర్దీసుకో."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. సంతోషంతో నోట మాట రావడం లేదు కాబోలనుకున్నాడు సూరిబాబు.

"మీ బావేడిరా?" అంది పైడమ్మ చివరికి.

"అన్నయ్యల భుజాల మీదున్నాడక్కా. నన్ను ఇంటికి పోనివ్వండ్రా, ఇప్పుడే పోనివ్వండ్రా అని దణ్ణం పెట్టి మరీ అడుగుతున్నాడు. మన మీద ఎంత అభిమానమో చూడు. అందుకని మనూరికే తీసుకుపోతన్నాం. పెళ్ళయ్యేదాకా పంపించం."