బుట్టలోంచి దూకిన అపశకునం

అనగనగా, మనుషుల్ని చూసి పిల్లి పారిపోకుండా పిల్లిని చూసి మనుషులే ఆగిపోయే రోజుల్లో, రేగుకోట అనే చిన్న రాజ్యం ఉండేది. దాని సేనాపతి గండమనాయకుడు. పులిని ఒంటిచేత్తో చంపినవాడు. మదపుటేనుగు ఎదురొచ్చినా మీసం మీద చెయ్యి తీయనివాడు.

అంతటి నాయకుడికీ ఒక భయం ఉంది. శకునం.

ఏటి అవతల ఎర్రభూపతి అనే రాజు దండు దింపాడు. ఇవతల జొన్నచేలు కోతకొచ్చి ఉన్నాయి. అతను ఏరు దాటాడా, గింజ మిగలదు. ఏడాదంతా పస్తులే. రేవు దగ్గరే అడ్డుకోవాలి.

ఎర్రభూపతి దండు చిన్నది, ఎత్తు పెద్దది. "కత్తి దూయనక్కర్లేదు. ఏరు తగ్గేదాకా వాళ్ళని కోట దాటనివ్వకుంటే చాలు" అని నవ్వుకున్నాడు.

మొదటిరోజు రేగుకోట సైన్యం భేరీలు మోగించి బయల్దేరింది. నాయకుడు కుడికాలు ముందుకు పెట్టాడో లేదో, జనంలో బుట్ట చంకన పెట్టుకున్నవాడొకడు గట్టిగా తుమ్మాడు.

తుమ్మితే ఏం చేయాలి? కూర్చుని మంచినీళ్ళు తాగాలి. అందరూ కూర్చున్నారు. అంత సైన్యం ఒక్క బావి నీళ్ళు తాగేసరికి పొద్దు నెత్తికెక్కింది, వర్జ్యం వచ్చిపడింది. ప్రయాణం రేపటికి.

రెండోరోజు ఆ బుట్టవాడే వినయంగా వంగి, "ఎక్కడికి బయల్దేరారు, నాయకా?" అన్నాడు.

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగొచ్చా? నాయకుడి మొహం నల్లబడింది. సైన్యం వెనక్కి తిరిగింది. ఆ సాయంత్రం బంట్లలో గుసగుసలు పుట్టాయి. అమ్మవారికి ఇష్టం లేదట. రేవులో దిగితే మునిగిపోతారట. 'అట'కి కాళ్ళొస్తే ఏ గుర్రం అందుకుంటుంది?

మూడోరోజు నల్లపిల్లి ఒకటి దారికి అడ్డంగా దూకి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోయింది.

పిల్లి అడ్డమొస్తే ఇంకెవరైనా ముందు నడవాలి, ఆ దోషం వాళ్ళకి అంటుకోవాలి, మనం వెనకాల పోవాలి. కాబట్టి సైన్యమంతా ఆ ఇంకెవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడింది. అవతల ఏరు మోకాలి లోతుకి వచ్చిందని కబురందింది. నాయకుడికి చెమటలు పట్టాయి, కాలు మాత్రం లేవలేదు.

మూడురోజులుగా హారతి పళ్ళెం పట్టుకుని చేతులు పడిపోయిన అతని భార్య కామసాని, దారిపక్క కూలబడ్డ మనిషిని చూసింది. మొన్న తుమ్మినవాడే, నిన్న ఎక్కడికని అడిగినవాడే. పక్కన ఖాళీ బుట్ట. ఆమె భర్త చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళింది.

"ఏమయ్యా, కూర్చున్నావేం?"

"పిల్లి అడ్డమొచ్చిందమ్మా. ఎవరైనా ముందు నడిస్తే పోదామని."

"అది నీ బుట్టలోంచేగా దూకింది?"

"అయితే మాత్రం? పిల్లి పిల్లేగా తల్లీ" అన్నాడు వాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

గండమనాయకుడు కత్తి మీద చెయ్యి వేశాడు. కామసాని ఆపింది.

"ఉండండి. ఏమయ్యా, నిన్ను పంపిన మీ దొర ఎర్రభూపతికి కూడా పిల్లంటే ఇంతేనా?"

"ఇంతా? పిల్లి ఊసెత్తితే ఆయన గుమ్మం దాటడు. లేకపోతే ఈ ఉపాయం ఎలా తడుతుందమ్మా?"

నాయకుడు వాణ్ణి చూశాడు, ఖాళీ బుట్టను చూశాడు. తనవెనక బొమ్మల కొలువులా నిలబడిపోయిన సైన్యాన్ని చూశాడు. మూడురోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది, వాడి పక్కవాడికి అంటుకుంది. గుసగుస ఎంత జోరుగా పాకిందో నవ్వు అంతకన్నా జోరుగా పాకింది.

"సరే, ముందెవరు నడవాలి?" అన్నాడు నాయకుడు.

"పిల్లే నడుస్తుంది. ముందు నడిచేదాన్ని అడ్డమొచ్చిందని ఎవరంటారు?" అంది కామసాని. కాస్త పెరుగన్నం చూపించగానే పిల్లి వచ్చి బుట్టలో కూర్చుంది. బుట్ట నాయకుడి గుర్రం ఎక్కింది.

వాళ్ళు రేవు చేరేసరికి ఎర్రభూపతి నీళ్ళలో దిగుతున్నాడు. ఏటి నడుమ ఇసుక తిన్నె మీద నాయకుడు బుట్ట మూత తీశాడు. పిల్లి ఎర్రభూపతికెదురుగా ఈ చివర నుంచి ఆ చివరకి నింపాదిగా నడిచింది.

ఎర్రభూపతి పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఎవరైనా ముందు నడవండి" అన్నాడు. దండులో ప్రతివాడూ పక్కవాడికి దారిచ్చాడు.

అలా వాళ్ళు మర్యాదలు చేసుకుంటూ ఉండగానే ఎగువన వానలు పడి ఏరు పొంగింది. ఇవతల కోతలు అయ్యాయి, గాదెలు నిండాయి. ఎర్రభూపతి వచ్చినదారినే ఇంటికి పోయాడు. బుట్టవాడు మాత్రం పోలేదు, కామసాని వంటకి మరిగి అక్కడే ఉండిపోయాడు.

పిల్లి సేనాపతి ఇంట పాలు తాగి బలిసింది. ఎవరైనా తుమ్మితే నాయకుడు ఇప్పటికీ ఆగుతాడు. కాకపోతే మంచినీళ్ళు తాగి, గడప దాటేస్తాడు.

ఎదుటివాడు మన మీదికి విసిరే భయం ముందు వాడి గుండెలోనే పుడుతుంది. మనం పట్టుకోకపోతే అది తిరిగి వాడింటికే పోతుంది.